మంచుచెరలో పరమాణువులు
(వల్లూరు గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)

  

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. నేను శాస్త్రజ్ఞుడను గాను. ఊరి లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. గురువు లేకయే, ఈ బీరువాలలోని భారత భాగవతములను ఇంటికి తీసికొనిపోయి, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని చదువుకొన్నవాడను. కావున నేడును నేను పురాణమే చెప్పుదునని తలచి వచ్చినవారు క్షమింపవలెను. ఒక్క నిలుకడలేని పరమాణువులను మహాశీతలములో ఘనపదార్థము నడుమ బంధించు విద్యను గూర్చి చెప్పదలచితిని. ఈ విషయమునే ఎందుకు ఎన్నుకొంటినో చివర మనవి చేసెదను. దానికిని మన గ్రంథాలయపు లెక్కలకును సంబంధము కలదు.

అయినను పురాణము లేక నాకు నోరు పెగలదు. శల్యపర్వ కథ మీరెరుగనిది కాదు. పదునొకండు అక్షౌహిణులు నశించిన పిమ్మట దుర్యోధనుడు గద చేతబట్టి ద్వైపాయనమను మడుగు జొచ్చెను. మాయచేత నీటిని కదలనీయక స్తంభింపజేసి, దాని అడుగున దాగెను. ఆ నీరు స్తంభించియున్నంతవరకు అతనికి పోరు లేదు. బోయలవలన జాడ తెలిసికొని పాండవులు గట్టుమీదికి వచ్చిరి. ధర్మరాజు ములుకులవంటి మాటలాడెను. అభిమానధనుడగుటచే దుర్యోధనుడు నీటిని చీల్చుకొని పైకి వచ్చెను. వచ్చిన పిమ్మట గదాయుద్ధము తప్పలేదు. నేను చెప్పబోవు విద్య ఈ జలస్తంభనమువంటిదే. కలహశీలమైన పరమాణువును కదలనీయని పదార్థములో ఉంచిన, అది ఉన్నది ఉన్నట్లే ఉండును. వేడి అను ములుకు తగిలినంతనే లేచి తన పని చూచుకొనును.

కలహశీలమనగా నేమో చెప్పెదను. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. అందలి పరమాణువులు రెండేసి చొప్పున గట్టిగా పెనవేసికొని జంటలుగా తిరుగుచుండును. ఆ జంటను విడదీయుటకు ఎంతో శక్తిని వ్యయపరుపవలెను. విద్యుత్తుచే విడదీసితిమా, ఒంటరియైన పరమాణువు తోడు దొరికినంతనే మరల కలిసిపోవును; కలియునప్పుడు మనము పెట్టిన శక్తినంతయు వేడిగాను వెలుగుగాను తిరిగి యిచ్చివేయును. పరమాణువులే కాక, సగము తెగిన అణువులును కలవు. వీనిని ఫ్రీ రాడికల్సు అందురు. 1929లో జర్మనీ దేశమున పానెత్ అను రసాయనవేత్త, ఒక కార్బను మూడు ఉదజనులు గల అట్టి శకలము నిజముగా కలదని నిరూపించెను. దాని ఆయువు సెకనులో వెయ్యవ వంతుల లెక్కలో ఉండును. కంటికి అది కనబడలేదు. గాజుగొట్టము లోపల పూసిన సీసపు పూత హరించిపోవుట చూచి, ఆ దారిని అది పోయినదని నిశ్చయించెను. పోయిన సొమ్మును చూచి దొంగ వచ్చెనని తెలిసికొన్నట్లే గదా! దొంగను పట్టి ఎదుట నిలుపుట యెట్లు? రసాయనవేత్తలకు పట్టుకొన్న చింత ఇదియే.

పట్టుటకు సాధనము చలి. వేడి యనగా అణువుల కదలికయే. వేసవిలో మన వల్లూరి గాలి 43 డిగ్రీలకు కాగినపుడు అందలి అణువులు ఎట్లు పరుగిడుచుండునో ఊహింపుడు. నీరు గడ్డకట్టునది సున్న డిగ్రీవద్ద. పశువుల ఆసుపత్రిలో మేలుజాతి వీర్యమును భద్రపరచు పీపాను మీలో పలువురు చూచియుందురు. మూత తీయగానే తెల్లని పొగవంటిది పొంగి వచ్చును. అందున్నది ద్రవరూపములోని నత్రజని. సున్నకు దిగువ 196 డిగ్రీలు. ఇంకను క్రిందికి పోవచ్చును గాని, దానికొక అడుగు కలదు. సున్నకు దిగువ 273 డిగ్రీలు దాటి చలి లేదు. ఆ అడుగునకు నాలుగు డిగ్రీల ఎత్తున, అనగా దిగువ 269 వద్ద, హీలియమను వాయువు ద్రవమగును. దానిని మొట్టమొదట ద్రవముగా చేసినవాడు హాలెండు దేశమున లైడెన్ పట్టణపు కామర్లింగ్ ఓన్నెస్. 1908 జులై 10వ తేదీన.

ఈ హీలియము కథ మన తెలుగునేలకును తగిలినది. 1868 ఆగష్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ మన గుంటూరునుండి చూచి, సూర్యుని అంచున ఎగయు జ్వాలల వర్ణపటమును పరిశీలించెను. ఆ సంవత్సరపు పరిశీలనలలోనే, భూమిమీద ఎరిగిన ఏ మూలకమునకును చెందని పసుపుపచ్చని గీత యొకటి సూర్యుని కాంతిలో బయటపడినది. దాని యజమానికే హీలియమని పేరు పెట్టిరి. సూర్యునిలో ముందు కనబడిన పదార్థమే భూమిమీద అత్యంత శీతలమునకు సాధనమైనది!

ఇక బంధించు విధము. గాలిని పూర్తిగా పీల్చివేసిన లోహపు పాత్రలో, ఒక జాతి ఉప్పుతో చేసిన చిన్న బిళ్లను కిటికీవలె అమర్చి, దానిని దిగువ 253 మొదలు 269 డిగ్రీల వరకు చల్లబరుతురు. దానిమీదికి ఆర్గాను వాయువును సన్నని ధారగా విడుతురు. ఆర్గాను మన గాలిలో నూటికి దాదాపు ఒక పాలు కలదు. 1894లో రాలీ, రాంసే అను ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞులు దానిని కనుగొని, గ్రీకు భాషలో ‘సోమరి’ అను అర్థమువచ్చు పేరు పెట్టిరి. ఎవ్వరితోను చేరదు, ఎవ్వరి జోలికిని పోదు. ఈ సోమరి పరమాణువులు వేయింటికి ఒకటి చొప్పున, పట్టదలచిన పరమాణువును కలిపి విడుతురు. రెండును చల్లని బిళ్లకు తగిలి తక్షణమే గడ్డకట్టును. మన నల్లరేగడి సెనగల రాశిలో అక్కడక్కడ ఒక కందిగింజ చిక్కుకొన్నట్లు, అతిథి పరమాణువు అన్ని వైపుల సోమరులచే చుట్టబడి నిలిచిపోవును. తోటి అతిథి ఎంతో దూరమున నుండును. కదలుదమన్న దారి లేదు. బెల్లపు పాకములో పడిన చీమ, పాకము ఆరి అచ్చు గట్టిపడగానే పడినచోటనే నిలుచునట్లు.

మరియొక పద్ధతియు కలదు. చెక్కుచెదరని అణువును ముందుగా సోమరుల నడుమ గడ్డకట్టించి, తరువాత అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి చెరలోనే దానిని ముక్కలు చేయుట. ముక్కలు బయటికి పోలేవు గనుక పరిశీలనకు దొరకును.

ఈ విద్యకు పద్ధతిని ఏర్పరచి ‘మాట్రిక్స్ ఐసోలేషన్’ అని ప్రకటించినవారు అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన పిమెంటెల్, ఆయన సహచరులగు విట్టిల్, డౌస్ అనువారు, 1954లో. అదే సంవత్సరము ఇంగ్లండులో నార్మన్, పోర్టర్ అనువారు ద్రవ నత్రజని చలిలో గాజువలె బిగిసిన ద్రవములందు శకలములను నిలిపిరి. ఇందొక చక్కని లెక్క కలదు. ఘనపదార్థము కరగు ఉష్ణమును, శీతలపు అడుగునుండి లెక్కించి, అందు మూడవ వంతునకు లోబడి ఉంచిన చెర గట్టిగా నుండును. ఆర్గాను కరగునది అడుగునుండి 84 డిగ్రీల ఎత్తున. కావున 28 డిగ్రీల లోపల గోడలు బిగువు. దాటిన గోడలు మెత్తబడి లోపలివారు నడువ మొదలిడుదురు.

పట్టినదానిని గుర్తించుట యెట్లు? చీకటిలో బండి పోవుచుండగా మువ్వల సవ్వడిని బట్టి ‘ఇవి ఫలానివారి ఎద్దులు’ అని మనము చెప్పుదుము. ప్రతి అణువునకును తనదైన కంపనము కలదు. పరారుణ కిరణములను ఆ బిళ్లగుండ పంపిన, తన కంపనమునకు సరిపడు కిరణమును అణువు మ్రింగివేయును. ఏ కిరణము లోపించెనో చూచిన ఎవరు కూర్చున్నారో తెలియును. వాయువులో అణువులు గిరగిర తిరుగుటచే గీతలు పలుమారులు చీలి గందరగోళమగును. చెరలో తిరుగుటకు చోటులేదు గనుక గీత సన్నగా, స్పష్టముగా నిలుచును.

ఇట్టి గీతలను చదువు విద్యలో మనవారు వెనుకబడినవారు కారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు కొచ్చర్లకోట రంగధామరావుగారు వర్ణపట పరిశోధనకు పునాది వేసిరి. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున మన తెలుగువారగు కె. నరహరిరావుగారు పరారుణ కిరణముల కొలతలలో ప్రఖ్యాతి గాంచి, 1966లో మరి యిద్దరితో కలిసి పరారుణ తరంగముల ప్రమాణములను గూర్చి గ్రంథమును ప్రకటించిరి. వారి కృషి మంచుచెరను గూర్చినది కాదు. అయినను పడికట్టురాళ్లు సరిగా లేనిదే అంగడిలో తూకము నమ్మరాదని లెక్కలవాడనగు నేను ఎరుగుదును. కొలత రాళ్లను సరిచేసినవారి ఋణము కొలిచినవారందరికిని కలదు.

ఇపుడు ఈ కథలోని ఆశకును నిరాశకును వత్తును. 1954లోనే వాషింగ్టనులోని అమెరికా ప్రమాణ సంస్థయందు బ్రోయిడా, పెల్లమ్ అనువారు నత్రజనిని విద్యుత్తుగుండ పోనిచ్చి, విడివడిన పరమాణువులను దిగువ 269 డిగ్రీల వద్ద గడ్డకట్టించిరి. ఆ గడ్డ ఆకుపచ్చని కాంతితో వెలుగసాగినది. వెచ్చబెట్టగా తళుకుతళుకున మెరసినది. లోపల బంధింపబడిన పరమాణువులు జంటలు కట్టుచు తమ శక్తిని వెలుగుగా విడుచుచున్నవన్నమాట!

చూచినవారికి వెంటనే తోచినది: ఇది ఇంధనము గాదా? లెక్క చూడుడు. ఉదజనిని ఆమ్లజనితో మండించిన, రెండును కలిసి ఒక కిలో తూగు సరుకునకు సుమారు 13 కోట్లలో పదియవ వంతు, అనగా ఒక కోటి ముప్పది లక్షల జౌళ్ల శక్తి వచ్చును. ఉదజని పరమాణువులనే ఒంటరిగా ఒక కిలో నిలువజేసి ఒక్కమారుగా జంటలు కట్టనిచ్చిన, వచ్చునది ఇరువదియొక్క కోట్లకు పైబడిన జౌళ్లు. అనగా ఇంచుమించు 16 రెట్లు. ఇంత శక్తిగల రాకెట్టు దేనినందుకొనలేదు? 1956లో ఆ సంస్థయందు పెద్ద పరిశోధన ప్రారంభమయినది. మూడేండ్లు నడచి 1959లో ముగిసినది.

ఇంధనము రాలేదు. కారణము చాల సరళము. ఇట్టి ఘనపదార్థములో ఒక్కొక్క పరమాణువునకు చుట్టును 12 మంది ఇరుగుపొరుగువారు. అతిథులు వేయింటికి ఒకటిగా నున్నంతవరకు క్షేమము. శక్తి చాలదని అతిథులను పెంచితిరా, రెండు ప్రక్కప్రక్కన పడుట తప్పదు. పడినవి తక్షణమే కలియును. కలిసిన వేడికి ప్రక్కగోడలు కరగును. అచటి బందీలు విడివడి మరికొన్ని జంటలగును. గడ్డివామిలో పడిన నిప్పురవ్వవలె అది ఒక్క క్షణములో అంతటను ప్రాకును. రాకెట్టునకు చాలినంత పాలు ఎన్నడును నిలువలేదు. నిలిచినది నూటికి ఒక పాలునకు చాల లోపు. ఉదజని పరమాణువు మరింత మాయలమారి. ఎంత చలిలోనైనను పొరుగు జంటలో ఒకదానిని తాను పట్టుకొని రెండవదానిని వెళ్లగొట్టుచు, గోడను దాటినట్లే ముందునకు సాగిపోవుచుండును. 1990లలోను అమెరికావారు ఘనీభవించిన ఉదజనిలో లిథియము, బోరాను వంటి పరమాణువులను నిలుపజూచిరి. అప్పుడును దొరికినది జ్ఞానమే గాని ఇంధనము గాదు. 2014 జనవరి 5న మన శ్రీహరికోటనుండి స్వదేశపు క్రయోజెనిక్ యంత్రముతో తొలిసారి జయప్రదముగా లేచిన జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు సయితము, దిగువ 253 డిగ్రీల ద్రవ ఉదజనిని జంటలుగానే తీసికొని ఆమ్లజనితో మండించినది.

సభాసదులారా! నావంటి లెక్కలవాడు 1959వ సంవత్సరాంతమున ఆ ఖాతాను చూచియున్న ఏమి వ్రాసియుండును? ‘ఖర్చు పూర్తి, జమ సున్న’ అని వ్రాసి గీత గీసియుండును.

తరువాత జమలు ఎట్లు వచ్చినవో వినుడు. 1960లో పిమెంటెలును ఆయన శిష్యులును, ఘనీభవించిన కార్బన్ మోనాక్సైడునందు ఉదజని పరమాణువును విడిపించి, ఫార్మిల్ అను శకలమును పట్టి దాని గీతలను వ్రాసికొనిరి. ఉదజని ఒకటి, కార్బను ఒకటి, ఆమ్లజని ఒకటి, అంతే. 1976లో అదే శకలము నక్షత్రముల నడుమనుండు మేఘములలో రేడియో దూరదర్శినికి దొరకినది. భూమిమీద చెరలో మాత్రమే నిలుచునది ఆకాశమున స్వేచ్ఛగా తిరుగుచున్నది! అచట అణువులు అంత పలుచన. తోడు దొరకవలెనన్న ఎంతయో కాలము పట్టును.

రెండవ జమ. 2000లో ఫిన్లండు దేశమున హెల్సింకీ నగరపు శాస్త్రజ్ఞులు ఘనీభవించిన ఆర్గానులో ఉదజని ఫ్లోరైడును విడగొట్టి, కొంచెము వెచ్చబెట్టిరి. సోమరియని పేరుపడిన ఆర్గాను ఉదజనిని ఒకచేత, ఫ్లోరినును మరియొకచేత పట్టుకొని నూతన అణువై కూర్చున్నది. నూరేండ్లకు పైగా ఎవ్వరితోను చేరదనుకొన్నది చేరినది.

మూడవది మన సీమకు దగ్గరి పేరుతో వచ్చును. పులివెందుల దాపున తుమ్మలపల్లెలో యురేనియపు గని కలదని మీరెరుగుదురు. ఆ లోహపు పరమాణువులను అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమున లెస్టర్ ఆండ్రూస్ అను ఆచార్యుడు లేజరు కిరణముతో ఎగురగొట్టి, కార్బన్ మోనాక్సైడుతో కలిపి చెరవేసెను. యురేనియము నడుమను, కార్బను ఒకవైపు, ఆమ్లజని మరియొకవైపు గల అణువు ఏర్పడినది. నియానులో దాని గీతలు ఒకచోట, ఆర్గానులో చాల దూరమున మరొకచోట కనబడినవి. కావలివాడు బందీతో చేయి కలిపినందుననే గీతలు జరిగినవని 2002లో ఆయనయు సహచరులును ప్రకటించిరి. నేడు ఈ విద్య మన పొరుగున, తమిళనాడులోని కల్పాక్కం అణుకేంద్రమందును అలవడినది.

ఇక మొదట చెప్పెదనన్న మాట. మన గ్రంథాలయపు ముందుగదిని ఎరువుల నిల్వకు బాడుగకిచ్చిన ఆదాయము వచ్చునని పోయిన సంవత్సరము ఒక ఆలోచన పుట్టినది. దానికి కాగితము సిద్ధపరచినవాడను నేనే. గ్రంథాలయమునకు ఇన్నేండ్లలో అయిన ఖర్చు ఒకవైపు, వచ్చిన రాబడి మరొకవైపు వేసి, నష్టమని తేల్చి సంతకము చేసితిని. ఆ కాగితములో కూడిక తప్పులేదు. ఖాతాయే తప్పు.

ఆ ముందుగదిలోనే, ఇంట చదువుకొనుటకు చోటులేక, ప్రొద్దుటూరు కళాశాలలో రసాయనశాస్త్రము చదువు మన ఊరి పిల్లవాడొకడు వేసవియంతయు కూర్చుండెడివాడు. ఒకనాడు ఆతని చేతిలోని ఇంగ్లీషు పుస్తకమును చూచి ఏమని అడిగితిని. నాటినుండి పదునైదు దినములు, నేను దుర్యోధనుని మడుగు కథ చెప్పగా ఆతడు ఈ పరమాణువుల కథ చెప్పుచు వచ్చెను. మీరిపుడు వినినదంతయు ఆతడు పెట్టిన భిక్షయే. రాకెట్టు ఇంధనపు ముచ్చట ముగిసినపుడు నేను అలవాటు చొప్పున, ‘అయితే ఇది నష్టపు ఖాతా గదా?’ అంటిని. ఆతడు నవ్వి, ‘పెద్దనాయనా, ఇంధనం రాలేదు గానీ అణువు దొరికింది గదా!’ అనెను. నాకు ఆ రాత్రి నిదుర పట్టలేదు.

ఉపమానమును ఎక్కువ లాగరాదు. గ్రంథాలయము మంచుగడ్డ కాదు, పాఠకులు బందీలు కారు. అయినను కదలక నిశ్శబ్దముగా నిలిచియుండు చోటు ఒకటి లేనిదే, ఒక్క క్షణములో చెదరిపోవు కొన్ని వస్తువులు మన కంటికి ఎన్నడును కనబడవు. చదువుకొను పిల్లవాని దృష్టియు అట్టిదే. ఆ ముందుగది ఎరువుల బస్తాలతో నిండియుండిన, ఆతడు మరియొకచోటికి పోయెడివాడో, పుస్తకమునే మూసెడివాడో నేను చెప్పజాలను. ఈ ఉపన్యాసము మాత్రము పుట్టియుండదు.

ఆ కాగితము ఇంకను కార్యవర్గమువారి దస్త్రములో నున్నది. దానిని నేను ఉపసంహరించుకొనుటకు ఈ సభవారి అనుమతిని వేడుచున్నాను. బాడుగ వలన రాదగిన సొమ్మునకు బదులుగా ఏటేట నా చేతనైనది నేనిత్తును. తోచినవారు తోచినంత వేయుదురుగాక. లెక్క నేనే వ్రాసెదను, రుసుము లేకుండ.